పటంలో ఈదులగొంది

విరోధి సంవత్సరం మాఘమాసంలో నా చేతిలో ఉన్నవి ఇవి: ఒక టేకు పడవ, ఏడాది కిందట మార్చిన తెరచాప, తాడు లాగడానికి ఇద్దరు మనుషులు, పన్నెండు బస్తాల ఉప్పు, నాలుగు గంపల ఎండుచేప, వీరవేణి అనే భార్య, పాపికొండల్లో ఈదులగొంది అనే ఊరు. ఊరు నాది కాదు. కానీ ఆ ఊరి చింతపండు పదకొండేళ్ళుగా నా పడవలో తప్ప మరొకరి పడవలో కిందికి దిగలేదు కనక, వ్యాపారం చేసేవాడి లెక్కలో అది చేతిలో ఉన్నట్టే.

మా వాళ్ళు గోదావరి మీద వల వేసి బతికినవాళ్ళు. వల పక్కన పెట్టి సరుకు ఎత్తింది మా ఇంట్లో నేనే. రాజమహేంద్రవరం రేవులో ఉప్పు, ఎండుచేప ఎక్కించుకుని దక్షిణపు గాలికి తెరచాప ఎత్తి, గాలి పడిపోయిన చోట తాడు కట్టి లాగించుకుని, దేవీపట్నం దాటి కొండల మధ్యకి పోయేవాణ్ణి. అక్కడి కొండరెడ్లకి ఉప్పూ చేపా ఇచ్చి చింతపండు తెచ్చుకునేవాణ్ణి. మా బావమరిది గంగయ్యకి ఇది చాలా చిన్నచూపు. ధవళేశ్వరం కాలవల మీద అతనికి మూడు పడవలుండేవి. కాకినాడకి ధాన్యం తోలేవాడు.

"చేప ఇచ్చి చింతపండు తెచ్చుకోవడం కూడా ఒక వ్యాపారమేనా బావా? ఉగాది నుంచి నా మూడో పడవ నడుపు. తెడ్డు పట్టుకుని కూర్చుంటే చాలు, కాలవే తీసుకుపోతది," అన్నాడు ఆ మాఘంలో మా ఇంటికొచ్చి.

"పడవ ఎవరిది?" అన్నాను.

"నాదే. ఎవరిదైతే ఏంటి, నడిపేది నువ్వేగా."

వీరవేణి చేపల గంపకి తాడు బిగిస్తూ తలెత్తకుండా అంది. "మా పడవకి చిల్లు పడ్డాక కబురు చేస్తాంలే అన్నయ్యా."

ఆ చిల్లు అప్పటికే పడిందని మా ఇద్దరికీ తెలియదు. మర్నాడు రాజమహేంద్రవరం ఇన్నీసుపేటలో తెలిసింది.

ఇన్నీసుపేటలో సూర్యప్రకాశం పంతులుగారని, కచేరీలో పటాలు నకలు తీసే గుమాస్తా. వారి ఇల్లాలు హైమవతిగారు ఏటా మా దగ్గరే చింతపండు తీసుకునేవారు. గంప అరుగు మీద దించి చూద్దును కదా, పంతులుగారు కిటికీ పక్కన పలక వేసుకుని ఒక పెద్ద పటం మీద వంగి ఉన్నారు. కచేరీలో వెలుతురు చాలదని, అనుమతి తీసుకుని ఇంటికి తెచ్చుకునేవారట. గుడ్డకి అంటించిన కాగితం, దాని నిండా సన్నటి నల్లగీతలు. కొండచిలువలా వంపులు తిరుగుతూ మధ్యలో ఒక తెల్లటి దారి.

రాతలు ఇంగ్లీషువి, నాకు రావు. కానీ ఆ తెల్లదారిని నేను చూడగానే పోల్చుకున్నాను.

"ఇది గోదావరి కదండీ. ఇదిగో పోలవరం దగ్గర లంక. ఇది దేవీపట్నం వంపు. ఈ పైన రెండు కొండలూ దగ్గరకొస్తాయి. ఈ రాయికి ఎడమ పక్కన పెద్ద సుడి ఉంటుంది, వానాకాలం పడవ వెళ్తే దక్కదు. రాయి వేశారు గానీ సుడి వెయ్యలేదండి."

పంతులుగారు కలం కింద పెట్టారు. "ఈ ఏటిని ఏడుసార్లు గీశానయ్యా బుల్లియ్యా. ఒక్కసారీ చూడలేదు. ఇంకా చెప్పు."

అలా వేలు పెట్టుకుని మీదకి పోయాను. గీతలు ఒత్తుగా ఉన్న చోట కొండ నిటారుగా ఉన్నట్టని, విడివిడిగా ఉంటే వాలు తక్కువని ఆయన చెప్పారు. నల్లటి చిన్న గళ్ళు ఊళ్ళట. ఒక కొండ భుజం మీద అలాంటి గళ్ళు కొన్నీ, వాటి వెనక రెండు వరసల్లో బుల్లి చెట్ల బొమ్మలూ ఉన్నాయి. పక్కనున్న పేరు ఆయన చదివారు. ఈదులగొంది.

"అక్కడ ఇప్పుడు ఎవరూ లేరండీ," అన్నాను. "నేనెరిగిన ఈదులగొంది ఈ వాగుకి అవతల. ఇదిగో, ఇక్కడ."

నా వేలు ఉన్నచోటు చూసి ఆయన పటం మీదకి ఇంకాస్త వంగారు. అప్పుడు గమనించాను, నా వేలికి ఇవతలగా పటం మీద కొత్తగా గీసిన ఎర్రగీత ఒకటి ఉంది.

"ఇరవై ఏడేళ్ళ కిందట కొలిచిన పటం ఇది," అన్నారు. "ఈ ఎర్రగీత లోపలంతా రిజర్వు అడవి చేస్తున్నారు. ఊళ్ళున్న చోట్లు గీత బయట వదిలేస్తారు. నువ్వు వేలు పెట్టిన చోట పటంలో ఊరు లేదు. అందుకని అక్కడున్నవాళ్ళు కొత్తగా వచ్చి అడవి నరికినవాళ్ళని రాసుకున్నారు."

"కొత్తగానా? పదకొండేళ్ళుగా నేనే పోతున్నానండీ."

"తనిఖీకి వెళ్ళినవారు పటంలో ఉన్న చోటికే ఊరి పెద్దకాపుని తీసుకెళ్ళి అడిగారట, ఈ చోటు మీదేనా అని. మాది కాదన్నాడట. వేలిముద్ర కూడా వేశాడు."

"కాదన్నాడా?"

"అన్నాడనే రాసి ఉంది. వైశాఖంలో దేవీపట్నంలో విచారణ. హద్దులు తేల్చడానికి వచ్చే తెల్లదొరగారు ఏం రాస్తే అదే ఖాయం. గీత ఇలాగే ఉంటే ఆ ఊరు ఖాళీ చేసి కిందికి దిగాలి. ఆ తరవాత అందులో చెట్టు మీద చెయ్యి వేస్తే శిక్ష."

హైమవతిగారు చింతపండు చేత్తో నొక్కి చూసి, ఈ ఏడు పండు బావుంది, వచ్చే ఏడూ ఇదే తీసుకురా అన్నారు. అలాగేనండి అన్నాను. ఆ మాట నోట్లోంచి వస్తూ ఉండగానే నాకు గంగయ్య మూడో పడవ కళ్ళకి కట్టింది. అందులో తెడ్డు పట్టుకుని కూర్చున్నది నేనే.

*

ఆ విడత వీరవేణి కూడా పడవెక్కింది. అంతకుముందు తను ఎప్పుడూ కొండల్లోకి రాలేదు.

"నువ్వెందుకు?" అంటే, "పెద్దకాపు మాది కాదని ఎందుకన్నాడో నువ్వడిగితే సరుకు కోసం అనుకుంటాడు మావా. నేనైతే ఊరికే అడిగినట్టుంటది," అంది.

ఆమె లెక్క నిజమే. నేను అడిగితే పెద్దకాపు జోగిరెడ్డి నవ్వాడు. పొడుగాటి మనిషి, నవ్వితే కళ్ళు మూసుకుపోతాయి. ఇంటి ముందు కూర్చుని కొత్త బాణానికి ఈక కడుతున్నాడు.

"మాది కాదు కాబట్టి కాదన్నాను సావుకారీ. ఆ చోటు వదిలి వచ్చేటప్పుడు అమ్మవారికి ఇచ్చేసి వచ్చాం. మా తాతల నాటి నుంచి అదే పద్ధతి. నాలుగు చోట్లున్నాయి. ఒకచోట పోడు చేసినన్నాళ్ళు చేసి, అమ్మకి ఇచ్చేసి, ఇంకో చోటికి పోతాం. ఇచ్చేశాక మాది అనం."

"మళ్ళీ అక్కడికే పోతారుగా?"

"అడవి ఎదిగాక, అమ్మ రమ్మంటే పోతాం."

"మళ్ళీ పోయేవాళ్ళయితే మీదే కదా."

"నీ పడవ ఏటి మీద రోజూ తిరుగుద్ది. ఏరు నీదా?"

వ్యాపారంలో అవతలివాడి మాట నా మాట కంటే బావుంటే నేను వెంటనే ఒప్పుకుంటాను, పొద్దు కలిసొస్తుంది. కానీ ఆ రోజు ఒప్పుకుంటే ఊరు పోతుంది.

"ఎలాగో ఒకలా మాదే అని ఒక్కమాట చెప్పు జోగిరెడ్డీ. ఒక్కసారి. లేకపోతే ఈ ఇళ్ళు పీకేస్తారు."

అతను ఈక కట్టడం ఆపాడు. "అమ్మకిచ్చిందాన్ని మాదని అబద్ధం చెప్పమంటావా? ఉప్పు కొలిచేటప్పుడు నువ్వు చెప్పినట్టా?"

నా తాడు మనిషి పోతురాజు అటు తిరిగి దగ్గాడు. దగ్గు కాదది, నవ్వు.

రెండు రోజులు అక్కడే ఉన్నాం. నేను చేసిందేమీ లేదు. వీరవేణి మాత్రం ఆడవాళ్ళతో కూర్చుని చింతకాయ పెంకు కొట్టింది. నేను లెక్క వేసుకుంటున్నాను, ఈ ఊరు పోతే ఇంకే ఊరు దొరుకుతుంది, ఎవరి పడవలు అప్పటికే అక్కడ పాతుకున్నాయి అని. ఏ లెక్కా కుదరలేదు. రెండో రోజు పొద్దున్నే వీరవేణి రెండు బుట్టలు తెచ్చి నా ముందు పెట్టింది.

"ఈ రెండూ కలిపి తూస్తావా మావా?"

"కలపనివ్వరు. పదకొండేళ్ళుగా ఇదే గోల. ఇంటికొక బుట్ట, బుట్టకొక తూకం. విసుగెత్తిపోతుంది."

"ఎందుకు కలపనివ్వరో అడిగావా?"

అడగలేదు. పదకొండేళ్ళుగా తూచాను గానీ అడగలేదు.

"ఈ బుట్ట జోగిరెడ్డి వాళ్ళ చెట్టుది. ఇది వాళ్ళ మరిది వరస వాళ్ళది. చెట్లు ఎక్కడున్నాయనుకున్నావు? ఆ పాత చోటులోనే. ఇళ్ళ వెనక గింజలు పారేస్తే మొలిచినవి. నేల అమ్మకి ఇచ్చేశారు మావా. చెట్లు ఇవ్వలేదు. చెట్టు ఇంటిది. ఏటా ఎవరి చెట్టు వాళ్ళే దులుపుకుంటారు, ఒకళ్ళ చెట్టు ఇంకొకళ్ళు ముట్టుకోరు."

జోగిరెడ్డి తల్లి, బాగా ముసలావిడ, గుమ్మంలోంచి వింటోంది. "చెట్టు ముట్టుకుంటే చెయ్యి వాచుద్ది," అంది.

వీరవేణి ఆవిడ వైపు తిరిగింది. "ఆ వచ్చినాయన చెట్ల సంగతి అడిగాడా అవ్వా?"

"లేదు. నేల సంగతే అడిగాడు."

"అడిగితే చెప్తారా?"

జోగిరెడ్డి అందుకున్నాడు. "అడిగితే చెప్తాం. దాన్దేముంది? నా చెట్టు నాది కాదని నేనెందుకంటాను?"

నేను లేచి పడవ దగ్గరికి నడిచాను. పటంలో ఆ గళ్ళ వెనక రెండు వరసల్లో బుల్లి చెట్లున్నాయి. ఇరవై ఏడేళ్ళ కిందట ఎవరో తెలియని మనిషి ఎండలో నిలబడి వాటిని గీసుకుపోయాడు.

*

చైత్రంలో ఈదులగొంది తరఫున అర్జీ పెట్టాం. రాసింది పంతులుగారు. రాసేముందు నన్ను అరుగు మీద కూర్చోబెట్టి రెండు మాటలు చెప్పారు.

"నేను కచేరీ మనిషిని. పటం నీకు ఇవ్వను, అందులో చుక్క మార్చను. నువ్వు అడగకూడదు."

"అడగనండి."

"అర్జీలో నేల మాదని రాయించకు. ఇదివరకు ఇచ్చిన వాంగ్మూలంతో కొట్లాట పెట్టుకున్నట్టవుతుంది. దొరగారు స్వయంగా వచ్చి చోటు చూడాలని మాత్రం అడుగు."

"వస్తారంటారా?"

పంతులుగారు గొంతు తగ్గించారు. "ఆయన కుర్రతనంలో కొండలు కొలిచినవారు. పటాలంటే ప్రాణం. అక్కడే జాగ్రత్త. ఆయన ముందు పటం తప్పు అన్నావో, నీ పని సరి."

"ఎవరి సరుకునీ వాళ్ళ ముందు తీసిపారెయ్యనండి. మొదటి నుంచీ నా పద్ధతి అదే."

వైశాఖంలో దేవీపట్నం ఒడ్డున డేరా పడింది. దొరతోపాటు పంతులుగారు కూడా పటాల పెట్టె పట్టుకుని వచ్చారు. జీవితంలో మొదటిసారి ఏటి మీద రోజున్నర ప్రయాణం చేసి, మొహం పాలిపోయి దిగారు. "ఆ లంకా, ఆ వంపూ నువ్వు వేలు పెట్టి చూపించినట్టే ఉన్నాయయ్యా," అన్నారు. అంతకుమించి ఆయన నన్ను ఎరగనట్టే ఉన్నారు. నేనూ అలాగే ఉన్నాను.

విచారణలో మా వంతు వచ్చింది. దొర తెల్లబడ్డ మీసాలవాడు. తెలుగు వస్తుంది గానీ పుస్తకంలో మాటల్లా ఒక్కొక్కటీ విడిగా పలుకుతాడు. బల్ల మీద పరిచిన పటం పక్కనున్న కాగితం చదివి జోగిరెడ్డిని అడిగాడు.

"పటములో ఉన్న ఊరు మీది కాదని మీరే చెప్పినారు. ఇప్పుడు మీదని చెప్పుచున్నారా?"

"లేదయ్యా. కాదు," అన్నాడు జోగిరెడ్డి.

డేరాలో ఉన్నవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. దొర కలం ఎత్తాడు. నేను ముందుకి వచ్చి దండం పెట్టాను.

"అయ్యా, నేను పడవ మీద సరుకు తోలేవాణ్ణి. ఈ ఏరు ఎరుగుదును. ఇంత సరిగ్గా ఈ ఏటిని కాగితం మీద పెట్టినవాడు మామూలు మనిషి కాడండి. రాయి ఉన్నచోట రాయి, వంపు ఉన్నచోట వంపు. ఆ మనిషి ఊరి వెనక రెండు వరసల చెట్లు గీశాడంటే, ఆ చెట్లు అక్కడ ఉండి తీరతాయి. ఒక్కసారి వచ్చి వాటిని చూడండి. అవి లేకపోతే మేం అర్జీ వెనక్కి తీసుకుంటాం."

జోగిరెడ్డి నా వైపు చూశాడు. పడవ దగ్గర కంటే ఇక్కడ బాగా కొలుస్తున్నావన్నట్టుంది ఆ చూపు.

దొర పటం దగ్గరికి లాక్కున్నాడు. భూతద్దం పెట్టి చెట్ల బొమ్మలు చూశాడు. చాలాసేపు చూశాడు. పెట్టెలోంచి ఒక పాత పుస్తకం కూడా తీయించి, ఒక పేజీ చదివి, వేలు పెట్టి మూశాడు. అందులో ఏముందో మాకెవరికీ తెలియదు.

"రేపు ఉదయము," అన్నాడు.

*

ఆ సాయంత్రమే పడవల్లో మీదకి పోయి కొండ కింద పడుకుని, పొద్దు ఎక్కక ముందే కొండ ఎక్కాం. దొర ముందు, ఆయన వెనక పంతులుగారు, తరవాత నేనూ వీరవేణీ పోతురాజూ. ఈదులగొంది జనం అప్పటికే వచ్చి చోటు బయట కూర్చున్నారు. లోపలికి అడుగుపెట్టే ముందు జోగిరెడ్డి తల్లి ఒక రాయి ముందు నీళ్ళు పోసి, అమ్మతో ఏదో చెప్పుకుంది. అప్పుడు లేచారు.

చెట్లు ఉన్నాయి. రెండు వరసలు, మధ్యలో వీధంత ఖాళీ. ఇళ్ళ ఆనవాలు లేదు. వెదురూ చిల్లకంపా పెరిగిపోయాయి. అయినా ఆ వరసల మధ్య నిలబడితే ఊళ్ళో నిలబడినట్టే ఉంది. దొర పటం చూసి, చెట్లు చూసి, మళ్ళీ పటం చూసి, అక్కడే ఒక బండ మీద కూర్చున్నాడు. ఆయన మొహం చూస్తే తెలిసింది, ఎన్నాళ్ళకో ఆయనకి ఒక సంతోషం దొరికింది. కానీ సంతోషంతో ఊరు రాదు.

"చెట్లు ఉన్నవి," అన్నాడు. "అయితే చెట్లు అడవిలో అన్నిచోట్లా ఉండును. వీరివని ఎట్లు తెలియును?"

నేను చేతులు కట్టుకున్నాను. "అయ్యా, ఊరు ఎవరిదని అడక్కండి. ఏ చెట్టు ఎవరు దులుపుకుంటారో అడగండి. నోటితో చెప్పక్కర్లేదు, వెళ్ళి నిలబడమనండి."

పంతులుగారు దాన్ని ఇంగ్లీషులో చెప్పారు. దొర తలూపాడు. జోగిరెడ్డి వాళ్ళ జనం వైపు తిరిగి ఒక్క మాట అన్నాడు, అందరూ లేచారు.

ఎవరూ తొందరపడలేదు. ఎవరూ ఇటూ అటూ చూసుకోలేదు. సంతలో ఎవరి దుకాణం ముందుకి వాళ్ళు పోయినట్టు పోయారు. ముసలివాళ్ళు, చంకలో పిల్లలున్న తల్లులు, అన్నదమ్ములు వేరుపడ్డ ఇళ్ళవాళ్ళు కూడా అన్నగారి చెట్టు కిందికే కలిసి చేరారు. జోగిరెడ్డి తల్లి ఎడమ వరసలో మూడో చెట్టు దగ్గరికి కర్ర ఊతంతో వెళ్ళి, వేరు మీద కూర్చుంది. ఇరవై ఆరు పొయ్యిలున్న ఊరు, చెట్ల కింద గుంపులు గుంపులుగా సర్దుకుంది.

దొర వీధి పొడుగునా నడుస్తూ లెక్కపెట్టాడు. పద్దెనిమిది గుంపులు.

కుడి వరస చివర ఒక చెట్టు మిగిలిపోయింది. మంచి చెట్టు, అన్నిటిలోకీ పెద్దది. దాని కింద ఎవరూ లేరు.

ఇంత చక్కగా నిలబడ్డ జనంలో ఒక్క ఖాళీ. ఆ ఖాళీయే చూపించి, చెట్లు ఊరివి కావు, నేర్పి నిలబెట్టిన మనుషులు వీళ్ళు, మనుషులు ఒకరు తక్కువయ్యారు అనొచ్చు. సరుకులో ఒక్క బస్తా తడిస్తే కొనేవాడు మొత్తం ధర తగ్గిస్తాడు. పోతురాజు నా పక్కనే ఉన్నాడు. నేను గడ్డం ఎగరేసి ఆ చెట్టు చూపించాను. వాడికి అర్థమైంది, అడుగు వేశాడు.

వీరవేణి వాడి చెయ్యి పట్టుకుంది. "ఆగు. చెయ్యి వాచుద్ది."

నేను కోపంగా చూశాను. ఆమె నా వైపు చూడలేదు.

దొర ఆ చెట్టు దగ్గర ఆగాడు. "ఇది ఎవరిది?"

జోగిరెడ్డి తన చెట్టు కిందినుంచే చెప్పాడు. "దాని ఇల్లు లేదయ్యా. అమ్మవారు పోసిన ఏడు ఇంటిల్లిపాదీ పోయారు."

"ఇప్పుడు దీని కాయలు ఎవరు తీసుకొందురు?"

"ఎవరూ తీసుకోరు. రాలి పోతాయి."

"ఎన్ని సంవత్సరములు?"

"పదిహేనో పదహారో."

దొర చెట్టు కింద నేల కాలితో తోశాడు. ఏళ్ళ తరబడి రాలిన పెంకు, గింజ, మట్టిలో కలిసిపోయి నల్లగా ఉంది. ఆయన వంగి గుప్పెడు తీసుకుని చూశాడు. తరవాత పంతులుగారి వైపు చెయ్యి చాపాడు. పంతులుగారు నిన్నటి పాత పుస్తకం ఇచ్చారు. ఇరవై ఏడేళ్ళ కిందట ఇక్కడ కొలిచిన మనిషి రాసుకున్న పుస్తకమట అది. దొర పేజీ తీసి, ముందు ఇంగ్లీషులో చదివి, అందరికీ వినిపించేలా తెలుగులో చెప్పాడు.

"ఈదులగొంది. కొండరెడ్లు. పందొమ్మిది ఇండ్లు. ప్రతి ఇంటి వెనుక ఒక చింతచెట్టు."

పంతులుగారు కళ్ళద్దాలు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. జోగిరెడ్డికి ఇందులో వింత ఏమీ కనబడలేదు. "మరి అంతే కదా," అన్నాడు.

నేను పోతురాజుని చూడలేకపోయాను. వాడు ఆ చెట్టు కింద నిలబడి ఉంటే, ఎవరివాడవని ఒక్క మాట అడిగితే చాలు, ఊరు మొత్తం పోయేది. నా తెలివితో నేనే ముంచేవాణ్ణి.

కొండ దిగేటప్పుడు వీరవేణి అంది. "ఎప్పుడూ బస్తా నింపాలనే చూస్తావు మావా. ఖాళీ కూడా ఒక్కోసారి సరుకే."

"ఆ మాట ముందే తెలుసా నీకు?"

"ఏం తెలీదు. అవ్వ మాట గుర్తొచ్చి భయమేసింది, అంతే."

*

తీర్పు జ్యేష్ఠంలో వచ్చింది. పటంలో ఉన్న ఊరూ, ఇప్పుడున్న ఊరూ ఒకటేనని దొర తేల్చాడు, ఎర్రగీత వెనక్కి జరిగింది. ఇప్పుడున్న చోటూ, మూడు పాత చోట్లూ, వాటి మధ్య పోడు చేసుకునే వాలూ అన్నీ గీతకి బయట వదిలారు. ఊరు ఏ చోటికి మారినా ఆ హద్దులో ఉన్నంతవరకు ఎవరూ అడగకూడదని రాశారు. ఆ కాగితం పంతులుగారు చదివి చెప్తుంటే హైమవతిగారు గుమ్మంలో నిలబడి విన్నారు. చివర నాకు మజ్జిగ ఇచ్చారు. ఆ ఇంట్లో చింతపండు దించి వెళ్ళడమే గానీ కూర్చుని మజ్జిగ తాగడం నాకు అదే మొదలు.

"ఇప్పుడు నాకొక చిక్కు వచ్చింది," అన్నారు పంతులుగారు కొత్త పటం పరిచి. "ఊరు చుక్క ఎక్కడ పెట్టమంటావు? ఇప్పుడున్న చోట పెడితే మళ్ళీ మారతారు. మారితే మళ్ళీ ఇదే గొడవ."

నేను ఆలోచించాను. "చుక్క పెట్టకండి. పేరు ఒక్కటే రాయండి. అక్షరాలు దూరందూరంగా."

ఆయన నా వైపు చూసి నవ్వి, కలం ముంచారు. మొదటి అక్షరం వాగుకి అవతల, చివరి అక్షరం చింతచెట్ల వరసల దగ్గర, మధ్యలోవి కొండ భుజం మీదుగా పరుచుకుంటూ, ఆ హద్దు పొడుగునా ఒకే పేరు రాశారు. ఊరు ఎక్కడికి పోయినా ఏదో ఒక అక్షరం కిందే ఉంటుంది.

ఆ వేసవి మీద నాకు చేరినవి ఇవి. నా పడవ నాకే మిగిలింది. ఆషాఢంలో గంగయ్య వచ్చి, కాకినాడ కోమట్లు కొండ చింతపండు అడుగుతున్నారు, నీ సరుకు నా పడవలో వేసుకుంటావా బావా అని అడిగాడు. వేసుకున్నాను, కిరాయి బేరమాడి. పంతులుగారు ఏ కొత్త పటం గీసినా నన్ను పిలిపించి ఏటిని చదివించుకోవడం మొదలుపెట్టారు. సుళ్ళు కూడా వేశారు. ఈదులగొందిలో ఉప్పు నేను కొలవడం మానేశాను. జోగిరెడ్డి తల్లే కొలుస్తుంది, నేను చూస్తూ ఉంటాను.

మరుసటి మాఘంలో కాయ దులిపే రోజున ఊరు ఊరంతా పాత చోటికి వెళ్ళింది. ఎవరి చెట్టు కిందికి వాళ్ళు చేరారు. జోగిరెడ్డి వీరవేణిని పిలిచి, ఇల్లు లేని చెట్టు చూపించి, ఊరంతా కూర్చుని అనుకున్నాం, ఇక అది నీ ఇంటిది, పోయి నిలబడు అన్నాడు. ఆమె కొంగు నడుముకి చుట్టుకుని, వరస చివరిదాకా నడిచి, ఆ చెట్టు కింద నిలబడింది. పదహారేళ్ళ తరవాత దాని కాయ మొదటిసారి బుట్టలోకి పడింది.

సాయంత్రం బుట్టలు ఒకటొకటిగా తూచాను, ఏదీ దేనితోనూ కలపకుండా. పందొమ్మిదో బుట్ట వీరవేణిది. బేరం దగ్గర ఆమె ఒక్క మెట్టు దిగలేదు. ఈదులగొంది మొత్తంలో ఆ ఏడు ఎక్కువ ఉప్పు నేను ఇచ్చుకున్నది ఆ బుట్టకే.